పంతులుగారి పక్క కుర్చీ

అనగనగా స్పెయిన్ అని ఒక దేశం, అందులో ఒక ఊరు, ఆ ఊళ్ళో ఒక గానుగాయన. మనకి నువ్వుల గానుగ ఉన్నట్టే వాళ్ళకి ఆలివ్ కాయల గానుగలే. ఆయన కూతురు ఎల్విరా. డాక్టరీ చదువుతానని పట్టుబట్టి యూనివర్సిటీకి వెళ్ళింది.

అక్కడి పెద్దలు రూలు పుస్తకం తిరగేశారు. ఆడపిల్ల రాకూడదని ఎక్కడా లేదు. ఎందుకుంటుందీ, వస్తుందని ఎవరనుకున్నారు గనక! సరే రమ్మన్నారు. కానీ ఒక్క పరీక్ష తప్పినా, తన వెనక ఇంకో ఆడపిల్లని గుమ్మం ఎక్కనిచ్చేది లేదన్నారు.

మగపిల్లల మధ్య కూర్చోకూడదుట. గంట కొట్టగానే పంతులుగారే వచ్చి తరగతిలోకి తీసుకెళ్ళేవాడు. ముందు పంతులుగారు, వెనక ఎల్విరా, ఎల్విరా వెనక బంట్రోతు, బంట్రోతు చేతిలో కుర్చీ. ఆ కుర్చీ పంతులుగారి బల్ల పక్కన, అందరికీ ఎదురుగా వేసేవాళ్ళు. పాఠం అయ్యాక మళ్ళీ ముందు పంతులుగారు, వెనక ఎల్విరా, ఎల్విరా వెనక బంట్రోతు, బంట్రోతు చేతిలో కుర్చీ. ఊ కొడుతున్నారా? కొట్టకపోతే ఇక్కడే ఆపేస్తా.

మెట్లమీద వరసలుగా కూర్చున్న ఎనభైమందీ ఆ పిల్లనే చూసేవాళ్ళు. ఒకడైతే గాడిదలా ఓండ్ర పెట్టేవాడు. వాడి చెవి మెలిపెట్టాలని ఉంటుంది నాకు ఇప్పటికీ. ఎల్విరా వారం రోజులు ఏడ్చింది.

ఎనిమిదోరోజు కళ్ళు తుడుచుకుని చూసింది కదా, పంతులుగారి చేతులు జానెడు దూరంలో ఉన్నాయి. ఆయన నోట్లో నోట్లో సణుక్కుంటూ చెప్పే రకం. పై మెట్లవాళ్ళకి ఆయన బట్టతల తప్ప ఏమీ కనబడదు. పాఠంలో చూపించడానికి భుజం కీలు జారినవాణ్ణి తెస్తే ఆయన ముందుగా అరచేతులు రుద్దుకుని వెచ్చచేసుకునేవాడు. ఇంటి సంగతులడుగుతూ ఆ భుజం బిగువు సడలేదాకా ఆగి, అప్పుడు మెల్లిగా చెయ్యి తిప్పేవాడు. ఇదంతా ఏ పుస్తకంలోనూ లేదు.

పరీక్షనాడు, గోడమీంచి పడి భుజం జారిన తాపీమేస్త్రీని తెచ్చి కూర్చోబెట్టారు. ఓండ్ర పెట్టినవాడు లాగాడు, మేస్త్రీ కేకేశాడు. ఇంకోడు లాగాడు, ఇంకా పెద్ద కేకేశాడు. ఎల్విరా వంతొచ్చింది. తను తప్పితే ఆ గుమ్మం మూసేస్తారాయె. అరచేతులు రుద్దుకుంది. పిల్లలెంతమందని మేస్త్రీని అడిగింది. అతను ఒక్కొక్క పేరే చెప్పుకుపోతున్నాడు. నాలుగో పేరు దగ్గర టక్కుమని చెయ్యి దాని చోట్లో కూర్చుంది. అయిదో పేరు కూడా చెప్పాక గానీ అతనికే తెలీలేదు.

ఇది నీకెవరు నేర్పారని పంతులుగారు అడిగాడు.

"మీరేనండీ. మీరు వేయించిన కుర్చీలోంచి కనబడింది."

ఆయన ప్యాసని రాసి తన చేత్తోనే కాయితం ఇచ్చాడు. మరుసటేడు ఆ గుమ్మంలోకి ముగ్గురాడపిల్లలొచ్చారు.

తర్వాత్తర్వాత ఎల్విరా పెద్ద డాక్టరై అదే గదిలో పాఠం చెప్పింది. బల్ల పక్కన ఆ కుర్చీ అలాగే ఉంచింది. దానికోసం మగపిల్లలు గంట ముందే వచ్చి తోసుకునేవాళ్ళుట!

అంచేత అమ్మలూ, మిమ్మల్నెవరైనా విడిగా కూర్చోబెడితే కాస్సేపు ఏడవండి, తప్పులేదు. తర్వాత అక్కణ్ణించి ఏం కనబడుతోందో చూడండి. ఇంక కథని ఆ కుర్చీలో కూర్చోబెట్టేసి, మనం దుప్పట్లోకి దూరిపోదాం.