గోడకు మిగిలిన మేకు

వీరాస్వామిగారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని తగులుతుంది. ఈ సంగతి తెలిసిన శిష్యులు ప్రశ్నలు తగ్గించి నమస్కారాలు పెంచారు. కొబ్బరికాయల వ్యాపారి పల్లాలరావు కొత్త శిష్యుడు కనుక తెలియక అడిగాడు.

"గురువుగారూ, ఇకమీదట అబద్ధం ఆడనని మీకు మాటిచ్చాను గదండీ. బేరంలో అనే మాటలు కూడా అబద్ధం కిందికి వస్తాయాండీ?"

గురువుగారు కండువా సర్దుకుని లేచారు. "కారు కొన్నావట. నన్నొకసారి ఎక్కించవూ?"

కారు సంగతి గురువుగారికే కాదు, ఊరందరికీ తెలుసు. పల్లాలరావే రెండు టీకొట్లలోనూ అభినయంతో సహా చెప్పాడు. పక్క ఊళ్ళో రిటైరైన డ్రాయింగు మాస్టారు మృత్యుంజయరావుగారి చిన్న కారు అది. పాతదే అయినా ఒక్క చేతి మీద నడిచిన బండి. చూడగానే నచ్చింది. నచ్చినదాన్ని నచ్చిందని చెప్పి కొనడం పల్లాలరావు ఇంటావంటా లేదు. కొబ్బరికాయను కొట్టి చూసినట్టు తలుపు మీద వేలితో కొట్టి పెదవి విరిచాడు.

"ఇంజను అయిపోయిందండి. కిందంతా తుప్పే. ఇందులో ఆడవాళ్ళనెక్కించుకుని ఎలా తిరిగారండీ బాబూ! దేవుడు చల్లగా చూశాడు గానీ."

మాస్టారి ముఖం చిన్నబోయింది. ధర కూడా చిన్నబోయింది. ఈ చోటికి వచ్చేసరికి టీకొట్టులో అందరూ నవ్వేవారు, అతనికి బాకీ ఉన్నవాళ్ళు మరికాస్త గట్టిగా నవ్వేవారు.

తెచ్చాక దానికి జరిగిన సేవ పెళ్ళికొడుక్కి జరగదు. షాంపూతో కడిగాడు. సీట్లకు కొత్త తొడుగులు వేయించాడు. స్టీరింగు ముందు చిన్న వినాయకుణ్ణి అంటించి, బంపరుకు నిమ్మకాయా మిరపకాయలూ కట్టాడు. టైర్లకు నల్లరంగు పూశాడు. అది తన తలకు వేసుకోగా మిగిలిన రంగేనని ఊళ్ళో అన్నారు గానీ, నమ్మదగిన మాట కాదు. అతను దేన్నీ మిగలనిచ్చే మనిషి కాదు.

గురువుగారు ముందు సీట్లో కూర్చుని, బెల్టుతో కాసేపు పోరాడి, చివరికి శిష్యుడి చేతే పెట్టించుకున్నారు. కారు కాలవగట్టు ఎక్కింది.

"ఎలా ఉంది నాయనా బండి?"

"బంగారమండి! పైపైన శుభ్రం చేశానంతే, లోపల చెయ్యిపెట్టే పనే లేదండి. చప్పుడేమన్నా వినబడుతోందా చూడండి. మాస్టారు కన్నబిడ్డలా చూసుకున్నారండి."

"అలాగా" అన్నారు గురువుగారు. వంతెన దగ్గర ఎడమకు తిప్పమన్నారు. రైసుమిల్లు దాటాక కుడికన్నారు. ఆ వీధి గుర్తుపట్టగానే పల్లాలరావు కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది.

"ఇటెందుకండీ?"

"దాహంగా ఉంది. మాస్టారింట్లో మంచినీళ్ళు ఇవ్వరా ఏమిటి?"

కారు ఆగిన అలికిడికి మాస్టారు చొక్కా గుండీలు పెట్టుకుంటూ గేటు దగ్గరికి పరుగున వచ్చారు.

"దారిలో ఆగిపోయిందాండీ?"

పల్లాలరావు నోరు తెరిచేలోగా ఆయనే అందుకున్నారు. "ఆవేళ మీరు చెప్పిన దగ్గర్నుంచీ నాకు మనసు మనసులో లేదండి. తెలియక మీకు అంటగట్టాను. ఏది బాగుచేయించినా ఆ ఖర్చు నాది. మొహమాటపడకండి."

ఇంట్లో మాస్టారి భార్య కాంతమ్మగారు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు. గురువుగారు ఎదురుగోడ వైపు చూశారు. ఒక మేకు, దాని కింద గోడంతా వెలిసినా వెలిసిపోకుండా మిగిలిన నలుచదరపు మచ్చ.

"అక్కడేదో ఉండేదల్లే ఉంది తల్లీ?"

"మా ఫొటో అండి. కారు కొన్ననాడు దాని పక్కన నిలబడి తీయించుకున్నాం. ఈ బాబుగారు బేరమాడి వెళ్ళిన సాయంత్రమే ఈయన దింపేశారు. ఇన్నేళ్ళూ నిన్ను తుక్కులో తిప్పి, పైగా దానికి ఫొటో కూడా కట్టించానే అని ఒకటే బాధ. నేనెంత చెప్పినా వినరు."

పల్లాలరావు చెవులు కాలిపోయాయి. గురువుగారి వైపు చూశాడు. ఆయన నీళ్ళు తాగుతున్నారు. ఒక గ్లాసు నీళ్ళను అంతసేపు తాగవచ్చని ఆ రోజే తెలిసింది.

కాలవకు అవతల ఉన్న పడవవాణ్ణి ఇవతలి నుంచి పిలవగల గొంతు పల్లాలరావుది. అలాంటిది, కాంతమ్మగారు ముందుకు వంగి వినాల్సి వచ్చింది.

"బండి బంగారమండి, మాస్టారూ. దానికి ఏ రోగమూ లేదండి. ఆవేళ నేనన్నవన్నీ అబద్ధాలండి. ధర తగ్గిస్తారని అన్నానండి."

మాస్టారు దగ్గరికి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశారు.

"మీది పెద్ద మనసండి. నేను బాధపడుతున్నానని తప్పు మీ మీద వేసుకుంటున్నారు. అబద్ధాలాడే మనిషైతే గురువుగారిని వెంటబెట్టుకుని వస్తాడా?"

పల్లాలరావు పిల్లల మీద ఒట్టు వేశాడు. వేసినకొద్దీ మాస్టారి కళ్ళు చెమర్చాయి. గేటు దాకా సాగనంపారు గానీ కారు వైపు కన్నెత్తి చూడలేదు. "నెమ్మదిగా పోనివ్వండి, బ్రేకులు జాగ్రత్త" అన్నారు.

తిరుగుదారిలో ఇంజను చప్పుడే లేదు. ఒక్క చప్పుడు చేస్తే బాగుండుననిపించింది పల్లాలరావుకు. ఊరు చేరి కారు ఆపాక, స్టీరింగు వదలకుండానే గొంతు సవరించుకున్నాడు.

"గురువుగారూ, మరి నేనడిగింది..."

గురువుగారు బెల్టు ఊడదీసుకోవడం రాక తంటాలు పడుతున్నారు.

"ఆ మేకుకు ఫొటో మళ్ళీ ఎక్కిన రోజున అడుగు నాయనా" అన్నారు.