వకుళ బస్సు దిగిన సాయంత్రం

నూకరత్నం, యాభై రెండేళ్లు. పాలు పితకడానికి కూర్చునే ముందు టీవీని కిటికీ వైపు తిప్పుతుంది.

టీవీ గేదె కోసం. పెరట్లో పాకలో కట్టి ఉండే ఆ గేదె పేరు మందారం. మొదటి ఈతలోనే దూడ పోయింది. తవుడు పెట్టినా, వీపు నిమిరినా పాలు చేపలేదు. పొదుగు నిండుగానే ఉంటుంది, చుక్క కిందికి దిగదు. అలాంటిది ఒక సాయంత్రం ఇంట్లోంచి 'మూడు విజిళ్ల కాపురం' సీరియల్ పాట వినపడగానే బకెట్టు నిండింది. ఆ పాటకి ముందు కుక్కర్ మూడుసార్లు కూస్తుంది. మొదటి కూతకి మందారం చెవులు లేస్తాయి. రెండో కూతకి కాళ్లు ఎడంగా పెట్టుకుంటుంది. మూడో కూతకి పాలు దిగుతాయి. తొమ్మిదేళ్లయింది. ఈతలు మారినా ఆ విజిళ్లే దానికి దూడ. సాయంత్రం ఆరింటికి కొత్త భాగం, పొద్దున ఆరింటికి అదే మళ్లీ వేస్తారు కాబట్టి రెండు పూటలా గడిచిపోయేది.

నూకరత్నం భర్త సింహాచలం ఊళ్లో పాల సంఘానికి అధ్యక్షుడు. పన్నెండేళ్లుగా ఆయనే. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా పొదుగు ముట్టుకోకుండా ఆ కుర్చీలో కూర్చున్నాడంటే అది మామూలు ప్రతిభ కాదు.

పెరట్లో వాళ్లందరికీ టీవీ మాట వినపడుతుంది, బొమ్మ మాత్రం కనపడదు. కనపడేది ఒక్క దొరబాబుకే. దొరబాబు గండుపిల్లి. కిటికీ గట్టు మీద పొట్ట ఆనించి పడుకుని, తెర మీద ఏం జరుగుతోందో కిందవాళ్లకి చెప్పడం వాడి ఉద్యోగం. కిందవాళ్లంటే మందారం, చుక్కలపెట్ట, డేగపుంజు. పాలు బాగా దిగిన రోజు నూకరత్నం ఒక కొబ్బరిచిప్పలో నాలుగు ధారలు పిండి కిటికీ కింద పెడుతుంది. దొరబాబు జీతం అదే.

ఇక ఆ సీరియల్ సంగతి. పుండరీకం అనే పెద్దమనిషి ఆరింటికి ఏదో ఒకటి చెడగొడతాడు. ఆయన భార్య వకుళ ఆరున్నరకల్లా దాన్ని బాగుచేస్తుంది. అందరూ పుండరీకాన్ని మెచ్చుకుంటారు. వకుళ మన వైపు తిరిగి ఒక కన్ను కొడుతుంది. కుక్కర్ కూస్తుంది. జనం నవ్వుతారు. ఈ ఏడాది రాసేవాళ్లకి ఏం బుద్ధి పుట్టిందో, వకుళకి వేరే ఊళ్లో బస్సు కండక్టర్ ఉద్యోగం వచ్చినట్టు రాశారు. వెళ్తుందా, వెళ్లదా అని నాలుగు నెలలు లాగారు. శనివారం సాయంత్రం ఆఖరి భాగం.

ఆ రోజు పుంజు కూడా గెలకడం మానేసి పాకలోకొచ్చి నిలబడింది.

"ఏం చేస్తోందిరా?" అని అడిగింది మందారం. అప్పటికే బకెట్టులో ధార చుయ్యి చుయ్యిమంటోంది.

"బస్సు మెట్టు మీద నిలబడింది," అన్నాడు దొరబాబు.

"చేతిలో ఏముంది?"

"అదెవడు చూశాడక్కా? పుండరీకం మాత్రం నీలం గళ్ల చొక్కా వేసుకొచ్చాడు. పైబొత్తం ఊడిపోయింది, పాపం."

లోపల టీవీలో పుండరీకం గొంతు గద్గదంగా వినపడింది. "వకుళా! పప్పులో ఉప్పెవరు వేస్తారు?" జనం గొల్లున నవ్వారు. తర్వాత చప్పట్లు కొట్టారు.

"దిగింది!" అని అరిచాడు దొరబాబు. "దిగిపోయింది! కాళ్లకి దణ్ణం పెట్టింది! ఉద్యోగం కాగితాన్ని పొట్లం చుట్టి అందులో పకోడీలు పోసి ఇచ్చింది. తింటున్నాడు, అబ్బ, ఎంత ముద్దుగా తింటున్నాడో!"

ధార ఆగిపోయింది. నూకరత్నం రెండుసార్లు లాగి చూసింది. మళ్లీ లాగింది. చుక్క లేదు.

"ఇదీ ముగింపంటే!" అంది పుంజు, ఛాతీ ముందుకు పెట్టి. "కాపురం నిలబడింది. నాకైతే కళ్లల్లో నీళ్లు తిరిగాయి."

"నీకు నూకలు చల్లినా తిరుగుతాయిలే," అంది పెట్ట.

"ఇంటి ఆడది ఊరు దాటిపోతే ఇంక తెల్లారుతుందా?"

"మొన్న నీకు గొంతు పట్టేసి కూయకుండా పడుకున్నావు చూడు, ఆ రోజూ తెల్లారింది. నేనే లేచి చూశాను."

మందారం కిటికీ వైపు తల ఎత్తింది. "వకుళ కన్ను కొట్టిందా ఇవాళ?" అంది.

"కొట్టే ఉంటుంది," అన్నాడు దొరబాబు.

"కొట్టలేదు. కొట్టినప్పుడల్లా గాజులు ఒక్కసారి ఘల్లుమంటాయి. ఇవాళ అనలేదు."

ఆదివారం పొద్దున అదే భాగం మళ్లీ వేశారు. వకుళ మళ్లీ దిగింది. మందారం మళ్లీ చేపలేదు. ఆ సాయంత్రం నుంచి ఛానెల్‌వాళ్లు మొట్టమొదటి భాగం నుంచి పాతవన్నీ తిరగేయడం మొదలుపెట్టారు. మూడు విజిళ్లూ వినపడ్డాయి, పాట వినపడింది, బకెట్టు పొడిగానే ఉంది. సోమవారం కూడా అంతే.

సింహాచలం వీధి అరుగు మీంచే తేల్చేశాడు. "వట్టిపోయింది. శుక్రవారం బేరగాణ్ణి లారీ తెమ్మన్నాను. ఎక్కించేస్తే ఒక పని అయిపోతుంది."

"శనివారం పొద్దున నాలుగు లీటర్లు ఇచ్చిన గేదె సాయంత్రానికి వట్టిపోతుందా?" అంది నూకరత్నం. "మీరెప్పుడైనా ఒక గేదెని పితికారా?"

"పితకడానికేముంది, ఎవరైనా పితుకుతారు. నేను సంఘం అధ్యక్షుణ్ణి. నాకు తెలీదా?"

ఈ మాట పాకలోకి వినపడింది. పెట్ట గబగబా వచ్చి మందారం కాళ్ల దగ్గర చేరింది. "అక్కా, నీ పట్టుదల పాడుగాను. ఆవిడ ఎక్కాల్సిన బస్సు దిగిందని నువ్వు ఎక్కకూడని లారీ ఎక్కుతావా? ఆ లారీ ఎక్కినవాళ్లు ఒక్కరైనా తిరిగొచ్చి కబురు చెప్పారా?"

"పట్టుదల కాదే చుక్కా. నేను బిగబట్టడం లేదు. నాకు మాత్రం భయం లేదా? విజిల్ వినపడగానే ఆ బస్సు మెట్టు గుర్తొస్తోంది. లోపల గడియ పడిపోతోంది."

గట్టు మీంచి దొరబాబు అంతా విన్నాడు. కొబ్బరిచిప్ప రెండు రోజులుగా ఖాళీ. నాకి నాకి దాని పీచు కూడా నున్నబడిపోయింది. గేదె పోతే చిప్ప పోతుంది. ఎలక పట్టడం అనే పని వాడు మానేసి ఏడేళ్లయింది.

మంగళవారం సాయంత్రం, పాట మొదలవకముందే పాకలోకి దూకాడు. "అక్కా! శుభవార్త! ముగింపు మార్చేశారు!"

"ఎప్పుడు?"

"మధ్యాహ్నం. నూకరత్నం గారు గడ్డికి వెళ్లినప్పుడు వేశారు. అయ్యగారు సౌండు తగ్గించుకుని చూశారు, అందుకే మీకు వినపడలేదు. జనం గొడవ చేశారంట. వకుళ బస్సెక్కేసింది!"

మందారం చెవులు లేచాయి. "కూర్చుందా, నిలబడిందా?"

"కూర్చుంది. కిటికీ పక్కన."

"గాజులు?"

"ఘల్లుమన్నాయి."

లోపల మొదటి విజిల్ కూసింది. మందారం కాళ్లు కొంచెం ఎడం చేసింది. నూకరత్నం ఆశగా బకెట్టు ముందుకు జరిపింది.

"తర్వాత?" అంది మందారం.

"తర్వాతేముంది, రెండో స్టాపులో దిగి ఆటోలో వెనక్కొచ్చేసింది."

"ఎందుకురా?"

"పొయ్యి మీద పప్పు పెట్టి వెళ్లింది కదక్కా!" అన్నాడు దొరబాబు. ఇంత తెలివైన గేదె ఇంత చిన్న సంగతి అడుగుతుందేమిటని వాడికి నిజంగానే ఆశ్చర్యం వేసింది.

కాళ్లు దగ్గరికి వచ్చేశాయి. బకెట్టు ఖాళీగానే ఇంట్లోకి వెళ్లింది.

బుధవారం దొరబాబు పగలంతా నిద్రపోకుండా ఆలోచించాడు. పిల్లికి ఇది చిన్న త్యాగం కాదు. సాయంత్రం వచ్చి, "నిన్న నేను సగమే చూశాను," అన్నాడు. "మిగతా సగం ఇవాళ వేశారు. వకుళ మళ్లీ ఎక్కింది. ఈసారి దిగలేదు. ఉద్యోగం చేసింది. ఆరు నెలలు!"

"ఆరు నెలలే!" అంది పెట్ట, రెక్కలు కొట్టుకుంటూ.

మందారం కళ్లు మూసుకుంది. ఆ అబద్ధం నిజమైతే బాగుండునని దానికీ ఉంది. లారీ ఎల్లుండి వస్తోంది. పొదుగులో ఏదో కదిలింది. నూకరత్నం చేతిలోకి రెండు చుక్కలు రాలాయి.

"తర్వాత చెప్పరా, తర్వాత!"

"ఇక్కడే ఉంది అసలు సీను," అన్నాడు దొరబాబు. వాడి కళ్లు మెరిశాయి. "ఆరు నెలల తర్వాత పుండరీకం అదే బస్సెక్కాడు. చిక్కి సగమైపోయాడు. గడ్డం పెరిగిపోయింది. ఆ నీలం గళ్ల చొక్కాకి ఇప్పుడు రెండు బొత్తాలు లేవు. వకుళ చూసింది. గుండె చెరువైంది. అక్కడికక్కడే ఉద్యోగానికి రాజీనామా చేసి, సూదీ దారం తీసి, కదిలే బస్సులోనే రెండు బొత్తాలూ కుట్టేసింది!"

ముందు పెట్ట నవ్వింది. నవ్వీ నవ్వీ గడ్డిమోపు మీద పడింది. లారీ సంగతి మర్చిపోయి మందారం కూడా నవ్వింది.

"ఒరే దొరబాబూ, రాసినవాళ్లు ఆ పిల్లని ఒక్కసారే దింపారు. నువ్వు రెండు రోజుల్లో రెండుసార్లు దింపావు."

"అబద్ధమంటావా అక్కా?"

"అబద్ధమని నిన్ననే తెలుసు. నా బాధ అది కాదు. అబద్ధమన్నాక అంతా నీ చేతిలో పనే కదరా. ఆ బస్సుని సముద్రం దాటించినా అడిగేవాళ్లు లేరు. నీ అబద్ధంలో కూడా అది ఊరు దాటదేం?"

దొరబాబు నిజాయితీగా ఆలోచించాడు. "దాటిపోతే పుండరీకం ఏమైపోతాడు?"

"తొమ్మిదేళ్లు గట్టు మీద పడుకుని నువ్వు చూసింది అతన్నే. వకుళ ఏ చీర కట్టిందో ఒక్క రోజైనా చెప్పావా?"

"అవన్నీ ఒకేలా ఉంటాయి కదా," అన్నాడు దొరబాబు.

పుంజు మాత్రం కళ్లు తుడుచుకుంటోంది. బొత్తాల సీను దానికి బాగా నచ్చింది.

గురువారం వచ్చింది. ఆరు కావస్తోంది. నూకరత్నం బకెట్టు తీసుకుని బయల్దేరి, టీవీ దగ్గర ఆగి, దాన్ని తిప్పలేదు. కట్టేసింది. కిటికీ తలుపు కూడా వేసేసింది. దొరబాబు తోక నలగబోయి తప్పించుకుంది.

"ఎందుకు కట్టేశావు?" అని లోపల్నుంచి సింహాచలం కేకేశాడు. "గేదె ఎలాగూ ఇవ్వదు, నేనైనా చూస్తాను."

"చూసిందేగా. మీరు నవ్వే చోటు నాకు తెలుసు. వద్దు."

పీట వేసుకుని కూర్చుంది. నుదురు మందారం డొక్కకి ఆనించింది. గేదెకి తప్ప ఇంకెవరికీ వినపడనంత మెల్లగా మాట్లాడింది.

"నీకూ నచ్చలేదా ఏమే? నాకూ నచ్చలేదు. శనివారం నాకు అన్నం సయించలేదు తెలుసా. సీరియల్ కదా, దానికెందుకు ఏడవడమని ఎవరికీ చెప్పుకోలేదు. నేనైతే దిగేదాన్ని కాదే."

మందారం తల తిప్పింది.

"బస్సు కదిలింది. పుండరీకం పక్కన పరిగెత్తాడు, ఉప్పెంత వెయ్యాలి, ఉప్పెంత వెయ్యాలి అని. వకుళ తల బయటపెట్టి, 'రుచి చూసుకుని వేసుకోండి' అంది. చెక్‌పోస్టు దాటింది. ఏటి వంతెన దాటింది. చేతిలో పసుపు రంగు సంచి, అందులో రెండు జతల బట్టలు, ఉద్యోగం కాగితం. నలక్కుండా మడత పెట్టుకుంది. ఇంటి దగ్గర పప్పు మాడింది. ఆయన మాడిన పప్పే తిన్నాడు. చావలేదు."

"తర్వాత?" అంది పెట్ట. నూకరత్నానికి అది కొక్‌కొక్ అని వినపడింది.

"తర్వాత వకుళ మెడలో తాడు లాగి విజిల్ నోట్లో పెట్టుకుని..." నూకరత్నం ఆగింది. అటూ ఇటూ చూసింది. యాభై రెండేళ్లలో ఎప్పుడూ చేయని పని చేసింది. పెదాలు బిగించి ఒక్క ఈల వేసింది.

ఒక్కటే ఈల. మందారం మిగతా రెండూ అడగలేదు. కాళ్లు ఎడం చేసి నిలబడింది. బకెట్టు చుయ్యిమంది. అయిదు రోజుల పాలు ఒక్కసారి దిగినట్టు నురగ అంచు దాటింది.

ఈల విని సింహాచలం పెరట్లోకి పరిగెత్తుకొచ్చాడు. "సంసారి ఆడది ఈల వేయడమేంటి, ఎవరైనా వింటే..." అని బకెట్టు చూసి ఆగాడు. "చేపిందే!"

"వట్టిపోయిందన్నారు కదా. వట్టిపోయిన గేదె పాలు మీరు తాగకండి. లారీ వద్దని బేరగాడికి ఇప్పుడే ఫోను చెయ్యండి. నా ముందు చెయ్యండి."

చేశాడు.

దొరబాబు ఈలోపు కొబ్బరిచిప్ప దగ్గర ముందుగానే వచ్చి కూర్చుని మీసాలు సర్దుకున్నాడు. నూకరత్నం వచ్చింది, చిప్ప తీసుకుంది, కడిగింది, నీళ్లు పోసి పెట్ట ముందు పెట్టింది. కిటికీ మూసే ఉంది. గట్టు మీద ఎవరికీ పని లేదు.

"అక్కా," అన్నాడు దొరబాబు. "రేపటి నుంచి నేనేం చెప్పను?"

"ఏమీ చెప్పకు. కింద కూర్చుని విను," అంది మందారం, గడ్డి నములుతూ. "ముందు రెండు మూడు రోజులు కష్టంగా ఉంటుంది. ఎలకల్ని పట్టుకుంటూ విను, కాలక్షేపంగా ఉంటుంది."

నీతి: ఆడదాన్ని అబద్ధంలో కూడా ఊరు దాటించలేనివాడు తన పాలు తనే పితుక్కోవాలి.

నూకరత్నం ఆ వేసవిలో పాల సంఘం ఎన్నికల్లో సింహాచలం మీద నిలబడి పదకొండు ఓట్ల తేడాతో ఆయన్ని ఓడించింది.