మెత్తల నిక్కరు

మునిరత్నానికి వారం రోజులుగా అన్నం సయించడం లేదు.

ఏకాంబర స్వామి ఆశ్రమంలో పద్దెనిమిది మంది ముసలివాళ్లున్నారు. వాళ్ల మంచీ చెడ్డా అంతా శిష్యుడు మునిరత్నానిదే. ఇక్కడికి రాకముందు అతను ఎముకల ఆసుపత్రిలో కాంపౌండరు. తుంటి ఎముక విరిగితే ముసలి ప్రాణం ఎంత యాతన పడుతుందో కళ్లారా చూసినవాడు. మొన్న ఉగాదికి చెంగల్రాయుడు తాత స్నానాలగదిలో జారి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఇంకా మంచం దిగలేదు.

అందుకని మునిరత్నం దర్జీ వెంటపడి అందరికీ తలా ఒక నిక్కరు కుట్టించాడు. రెండు పక్కలా తుంటి దగ్గర జేబులు, జేబుల్లో మందపాటి మెత్తలు. పడినా దెబ్బ మెత్తకే తగులుతుంది. ఇంత మంచి వస్తువును ఎవరు కాదంటారు అనుకున్నాడు, పాపం!

అందరూ కాదన్నారు. ఒకాయన దాన్ని మడిచి తలకింద పెట్టుకున్నాడు. ఒకామె హార్మోనియం కింద వేసింది. ఇక కుప్పమ్మవ్వ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒకప్పుడు పది ఊళ్లకు కోలాటం నేర్పిన మనిషి. ఇప్పటికీ సాయంత్రం భజనలో కోలలు పట్టుకుని లేస్తుంది.

"ఎనభై ఏండ్ల ముసలిదానికి నిక్కరు తొడగతావా? సిగ్గులేదా నీకు?" అంది.

"పడితే తుంటి విరుగుతుందవ్వా!"

"తుంటి మీద కొడితే పళ్లు రాలినాయంట. నాకు పళ్లే లేవు, పో!"

భజన మందిరమంతా ఒకటే నవ్వు. మునిరత్నానికి మాత్రం ఒళ్లు మండింది. ఆ మర్నాడే అవ్వ ఆడుతూ ఆడుతూ తూలి, స్తంభం పట్టుకుని నిలదొక్కుకుంది. అంతే, కోలలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసేశాడు.

ఆ రోజు మంచమెక్కిన కుప్పమ్మవ్వ మళ్లీ దిగలేదు. అలిగిందిలే అనుకున్నాడు. వారం తిరిగేసరికి లేచి నిలబడాలన్నా కాళ్లు వణుకుతున్నాయి. పడకుండా కాపాడబోయి నేనే మంచాన పడేశానే అని మునిరత్నానికి దుఃఖం పొంగుకొచ్చింది. వెళ్లి స్వామి కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"కోలలిస్తే పడుతుంది, ఇవ్వకపోతే లేవదు, నిక్కరు తొడుక్కోమంటే తిడుతుంది. మీరైనా నాలుగు మాటలు చెప్పండి స్వామీ."

"నా కొలతది ఒకటుందా?" అన్నాడు స్వామి.

సాయంత్రం స్వామి అవ్వ మంచం దగ్గరికొచ్చాడు. చేతిలో కోలలు. కాషాయం పంచె మీద, అందరికీ కనబడేలా, మెత్తల నిక్కరు!

అవ్వ నవ్వాపుకోలేకపోయింది. "ఏం సామీ, రెండు పక్కలా మూటలేసుకుని ఏ సంతకి బయల్దేరినావు?"

"డెబ్బై ఏండ్లొచ్చినా కోలాటంలో ఒక్క అడుగూ, ఒక్క కోపూ రాదక్కా. నేర్పు."

అవ్వ పడుకునే చెప్పింది. "కుడికాలు ముందుకెయ్. తిరుగు. కోల తట్టు."

స్వామి కాలు వేశాడు, తిరిగాడు, దబ్బున పక్కకి పడ్డాడు. మునిరత్నం ఒక్క ఉరుకున వచ్చాడు. స్వామి దొర్లి లేచి, మెత్త మీది దుమ్ము దులుపుకున్నాడు.

"ఎక్కడ తప్పానక్కా?"

"అడుగడుగునా తప్పే! అట్లనా తిరిగేది?" అవ్వ కాళ్లు కిందికి దించేసింది. నేల తగలగానే ఆగింది. స్వామి నడుము వంక ఒకసారి చూసింది.

"ఒరే మునిరత్నం, నాది యాడబెట్టినావురా? చీర కిందికైతే తొడుక్కుంటా."

ఇద్దరు ఆడవాళ్లు చాటుకి తీసుకెళ్లి తొడిగారు. అవ్వ స్వామి చెయ్యి పట్టుకుంది. ఒక అడుగు. ఆగి, ఇంకో అడుగు. మూడో అడుగుకి కోలలు టక్కుమన్నాయి. అది చూసి మిగతావాళ్లకీ హుషారొచ్చింది. హార్మోనియం కింది నిక్కరు కూడా బయటికొచ్చింది. మునిరత్నం కళ్లు తుడుచుకుంటూనే నవ్వాడు.

స్వామి చెమట తుడుచుకోవడానికి పక్కకి రాగానే మునిరత్నం అడిగాడు. "నేను పదిహేను రోజులు బతిమాలినా విననే లేదు. మీరు తొడుక్కోమని ఒక్క మాటైనా అనలేదే స్వామీ?"

"సామీ, కోపు మధ్యలో ముచ్చట్లేంది?" అవతలి నుంచి అవ్వ గదిమింది.

"వస్తున్నానక్కా!" అని స్వామి కోలలు అందుకుని, మునిరత్నం వైపు తిరిగాడు.

"వాళ్లు పడతారని నువ్వు కుట్టించావు నాయనా. నేను ఆడదామని తొడుక్కున్నాను."