జానెడు పడుగు

పరంజ్యోతి అయ్యగారికి కూర్చుని జవాబు చెప్పే అలవాటు లేదు. ఏదైనా అడిగితే గొడుగు చేతికి తీసుకుని "పద" అనేవారు. క్రైస్తవ గుడి పాస్టరైన ఆయన దగ్గర, వాక్యం చెప్పే ఉపదేశి పని నేర్చుకుంటూ ఆ నేతపల్లెలో నేనున్నది ఒక్క ఏడాదే. ఇప్పుడక్కడ మగ్గాల చప్పుడే లేదట. నాకు మాత్రం ప్రార్థనకు కళ్ళు మూసుకుంటే ఈనాటికీ ముందు ఆ చప్పుడు వినిపించాకే దేవుడు గుర్తొస్తాడు.

ఒక ఉదయం అడిగాను. "అయ్యగారూ, దారి తప్పినవాడు తిరిగొస్తే దేవుడు ఆ క్షణమే క్షమిస్తాడు గదా. ఇక తప్పినందువల్ల నష్టమేముంది?"

వేదాంతం మీద ప్రేమ కొద్దీ అడిగింది కాదది. నా జేబులో మేనమామ ఉత్తరం ఉంది. సారా కాంట్రాక్టులో గుమాస్తా పని చూశాననీ, రెండేళ్ళు కళ్ళు మూసుకుని చేస్తే చాలనీ, దేవుడి పని ఎప్పుడూ ఉండేదేననీ రాశాడు. ఆ మాట నాకు మహా తియ్యగా ఉంది.

అయ్యగారు నా జేబు వంకైనా చూడలేదు. "పద" అన్నారు.

ఏసోబు ఇంటికి తీసుకెళ్ళారు. ఏసోబు చేయి తిరిగిన నేతగాడు, గుడిలో పాట ఎత్తుకునేవాడు. నీ గొంతుకు నాటకాల్లో అయితే రాజభోగం అని ఎవడో ఊదితే, మూడేళ్ళ కిందట గుడినీ మగ్గాన్నీ పెళ్ళాన్నీ వదిలి పట్నం పోయాడు. ఆ పల్లెలో ఎవరు మగ్గం దిగినా అచ్చులో జానెడు పాత పడుగు, అంటే నిలువు పోగులు, మిగిల్చి దిగుతారు. తిరిగి కూర్చున్ననాడు కొత్త పోగుల్ని ఆ పాత కొసలకు అతికితే ఒక్క పూటలో మగ్గం ఆడుతుంది. "ఆ జానెడన్నా ఉంచయ్యా" అని భార్య దీనమ్మ బతిమాలింది. ఇక మగ్గం ముఖం చూసేది లేదని ఏసోబు దాన్నీ లాగి పారేసి మరీ పోయాడు.

మేం వెళ్ళిన ఆ వారంలోనే, ఆదివారం నాడు తిరిగొచ్చాడు. దీనమ్మ ఒక్క మాటైనా అనకుండా కాళ్ళకు నీళ్ళిచ్చి అన్నం పెట్టింది.

మేం వెళ్ళేసరికి ఇద్దరూ మగ్గానికి చెరోవైపు కూర్చుని ఉన్నారు. అచ్చు ఖాళీగా ఉంది గనుక, దువ్వెనలాంటి దాని పళ్ళ సందుల్లోంచి రెండు వేల పైచిలుకు పోగులు ఒక్కొక్కటే దూర్చాలి. అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. అవతలి మనిషి పోగు ఏరి అందిస్తే ఇవతలి మనిషి లాక్కోవాలి. మూడేళ్ళూ ఊళ్ళోవాళ్ళకు కండెలు చుట్టి, ఏడ్చి ఏడ్చి దీనమ్మకు చూపు మందగించింది. ఒక్కో పోగునూ కంటి దగ్గరకు తెచ్చుకుని, తడిమి, అందిస్తోంది. అప్పటికి నాలుగో రోజు. సగం కూడా కాలేదు.

ఏసోబు నడుం పట్టుకుని నిట్టూర్చాడు. "ఎన్నయినయ్యే?"

"లెక్కెట్టబాక. నేను అందిస్తన్నా గదా, అందుకో."

అతను తల వంచుకుని అందుకున్నాడు. ఆ వంగిన వీపు చూసి నాకు చెప్పలేనంత జాలి వేసింది.

తిరిగొస్తూ ఆగలేక అన్నాను. "జానెడు ఉంచుకుని ఉంటే ఒక్క పూట పని. పాపం, ఏసోబుకు ఎంత శిక్ష పడిందండీ!"

అయ్యగారు గుడి మెట్ల దాకా నడిచి ఆగారు. అక్కడ ఆయన అన్నది విన్నాక ఆ ఉత్తరానికి సరేనని జవాబు రాయడం నా వల్ల కాలేదు. అందుకు మేనమామ బతికినన్నాళ్ళూ నన్ను సాధిస్తూనే ఉన్నాడు. అయ్యగారు గొడుగు ముడిచి, నా వైపు తిరిగి, ఇంతే అన్నారు:

"వాడి నడుం చూశావు నాయనా. అవతల కూర్చుని అందిస్తున్నావిడ కళ్ళు చూశావా?"