దొడ్డికొక కుక్కపిల్ల

అనగనగా, ఊరికి ఆమడ దూరంలో ఒక రాళ్ళగుట్ట. గుట్ట కింద ముళ్ళకంప చుట్టిన గొర్రెల దొడ్డి. దాని పక్క గుడిసెలో సిద్దమ్మ, వాళ్ళ నాన్న తిప్పన్న. సిద్దమ్మకి నీ వయసే. నీలాగా అన్నం దగ్గర పేచీలు పెట్టేది కాదనుకో, అది వేరే సంగతి.

ఆ గుట్టకి ఒక తోడేలు మరిగింది. మొదటి వారం ఒక గొర్రెపిల్లని ఎత్తుకుపోయింది. రెండో వారం ఇంకొకటి. మూడో వారం దొడ్డికి కాపలా ఉండే ముసలి కుక్కనే చంపేసింది. ఇక సిద్దమ్మకి పట్టపగలు గుడిసె దాటాలన్నా భయమే.

అప్పుడు తిప్పన్న చెప్పాడు. గుట్ట మీద బండసందులో ఒక కుక్క పిల్లల్ని పెట్టిందట, తల్లి చచ్చిపోయి రెండు కూనలు మిగిలాయట, వెళ్ళి ఒకదాన్ని తెమ్మన్నాడు. పిల్లనొక్కదాన్నే పంపుతాడా అంటావా? ఆయన వెళ్తే మందని ఎవరు చూస్తారు? మధ్యలో అడ్డు రాకు.

ఒక్కదాన్నే తెమ్మని మరీ మరీ చెప్పాడు. గొర్రెల కాపర్ల పద్ధతి అది. కూనని ఒంటరిగా గొర్రెపిల్లల్లో వదిలి గొర్రెపాలు తాగిస్తారు. అది గొర్రెలే తన వాళ్ళనుకుని వాటికోసం ప్రాణమిస్తుంది. రెండు తెస్తే ఆ రెండూ ఆడుకుంటూ కూర్చుంటాయి, మంద మొహం చూడవు.

సరే, సిద్దమ్మ వెళ్ళింది. బండసందులో కూనలు ఒకటి నల్లది, ఒకటి ఎర్రది. నల్లదాన్ని ఒళ్ళో పెట్టుకుని నాలుగడుగులు వేసింది. వెనక ఎర్రది కుయ్యిమంది. వెనక్కి వెళ్ళి నిమిరి వచ్చింది. మళ్ళీ కుయ్యిమంది, మళ్ళీ వెళ్ళింది. మూడోసారి చప్పుడు లేదు. తిరిగి చూస్తే బండ మీద తోడేలు నిలబడి ఉంది.

కాళ్ళు దుప్పట్లోకి లాక్కో. తోడేళ్ళు మన వీధికి రావులే.

ఎర్రదాన్ని వదిలేస్తే తోడేలు దాని దగ్గరే ఆగుతుంది, సిద్దమ్మ బతికి బయటపడుతుంది. ఆ సంగతి ఆ పిల్లకి బాగా తెలుసు. అయినా తోడేలు మీద చూపు తిప్పకుండా ఎర్రదాని దగ్గరకి వెళ్ళి, వంగి దాన్ని కూడా ఎత్తుకుంది. రాయి పట్టుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు. పరిగెత్తితే మీద పడుతుందని వెనక్కి వెనక్కి నడిచింది. ఆమె ఒక అడుగు వేస్తే అదీ ఒక అడుగు. ఆ తర్వాత దాని పళ్ళు కనపడేంత దగ్గరకొచ్చింది. అప్పుడు సిద్దమ్మ నాన్నా అని గుట్ట అదిరేలా అరిచింది. తిప్పన్న కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు, తోడేలు రాళ్ళలోకి జారుకుంది.

తిప్పన్న రెండు కూనల్నీ చూశాడు. ఒకటే చాలన్నాను కదా అని కసిరాడు.

సిద్దమ్మ ఏడవలేదు. "ఏది చావాలో నువ్వే చెప్పు నాన్నా. దాన్నే వదిలేసి వస్తా" అంది.

తిప్పన్న ఎర్రదాన్ని కంబళిలో చుట్టుకుని గుట్ట అవతల నాగక్క దొడ్డికి వెళ్ళాడు. నాగక్క ఆయన చెల్లెలే, ఆమె మందకీ కాపలా లేదు. అలా దొడ్డికొకటి చొప్పున పంచారు. మూడు రోజులు ఇక్కడ నల్లది ఏడ్చింది, అక్కడ ఎర్రది ఏడ్చింది. సిద్దమ్మ కూడా ఏడ్చింది, తప్పు చేశానేమోనని. ఆ తర్వాత రెండూ గొర్రెపిల్లల పొట్టల కింద దూరి నిద్రపోయాయి.

అవి పెరిగాక, ఒకరోజు పొద్దుగుంకే వేళకి తోడేలు మళ్ళీ వచ్చింది. నల్లది మందకి అడ్డం నిలబడి మొరిగింది. గుట్ట అవతల నుంచి ఎర్రది బదులు మొరిగింది. ఇటు వస్తే ఇది, అటు వెళ్తే అది. తోడేలు నడిమధ్యన నిలబడిపోయి, కాసేపటికి తోక ముడుచుకుని పోయింది. గుడిసెలో సిద్దమ్మ ఇంకా వణుకుతూనే ఉంది. వణుకుతూనే దొడ్డిలోకి వెళ్ళి లెక్క చూసుకుంది. ఒక్క గొర్రెపిల్ల కూడా తగ్గలేదు.

కథ వెళ్ళె కంచికి,
కుక్క వెళ్ళె మందకి,
కునుకు రావాలి నీ కంటికి.