కునుకు పట్టని బండి

రాజంపేట బైపాసు కాడ షెడ్డు పెట్టుకున్న ఖాదర్‌వలి మేస్త్రీకి ఒక అలవాటుండాది. ఏ బండొచ్చినా ఎంటనే చెయ్యి పెట్టడు. రేకుల నీడన నిలబెట్టిచ్చి, టీ తాగతా దాని పక్కన ఊరికే కూర్చుంటాడు. వచ్చినోళ్లకు తిక్కరేగతాది. "ఏం మేస్త్రీ, బండికి దిష్టి తీస్తాండావా?" అంటారు. ఆయన నవ్వతాడు. "మన చెయ్యి తగలకముందు అదెట్టుండాదో చూడనీ నాయనా" అంటాడు. ఈ మధ్య కరెంటు కార్లొస్తాండాయి. వాటికైనా అంతే.

ఆయన కాడ పని నేర్చుకునే మాలో ఓబులేసు ఒకడు. వాని పెండ్లాం పెంచలమ్మ కువైట్‌లో ఒకరింట్లో పనికి పోయింది. రెండేండ్లకు గానీ రాదు. సొంతిల్లు లేపుకుందామని ఇద్దరూ అనుకోనే పోయింది. పోయినకాన్నుంచి వీడు మనిషి మనిషిలో లేడు. స్పానరు పట్టిన చేత్తోనే ఫోను పడతాడు. అద్దం మీద ఆమె పేరొచ్చే చోట గ్రీజు మరక ఒకటుండాది, ఎంత తుడిచినా పోదు. ఆమె ఆన్‌లైన్‌లో కనపడితే ఫోన్ చేస్తాడు. కనపడకపోతే ఎందుకు కనపడలేదని చేస్తాడు. మొదట్లో ఆమె ఉరుక్కుంటా వచ్చి ఎత్తేది. ఆ ఇంటి పిల్లోళ్ల అల్లరి, ఆడ వండే చేపల కూర, అన్నీ చెప్పేది. ఇప్పుడు "ఊ", "సరే", "నిద్రొస్తాంది". అంతే.

ఒకరోజు అన్నాలు తిన్నాంక మేమందరం ఉండంగానే అడిగేసినాడు.

"మేస్త్రీ, బ్యాటరీ ఎంత బాగుండాదో మిషను పెట్టి చూస్తావు గదా. మనిషికి మన మీద మనసు ఎంత మిగిలిందో చూసే మిషను లేదా?"

పక్కన పంచర్లేసే మస్తానయ్య పగలబడి నవ్వినాడు. "ఉంటే మా ఇంట్లోది ముందు నాకే పెట్టి చూసిండేది!"

ఓబులేసు నవ్వలా. మేస్త్రీ కూడా నవ్వలా. ఆయన వయసులో ఉన్నప్పుడు కువైట్‌లో బండ్లు బాగుచేసొచ్చినోడే. ఆ కాలం గురించి మాత్రం నోరు తెరవడు. చెయ్యి కడుక్కోని లేచిపోయినాడు.

ఆ మర్నాడు పుల్లంపేట నాగిరెడ్డి వచ్చినాడు. బొప్పాయి తోటలాయన. సెకండ్‌హ్యాండులో కరెంటు కారు కొనుక్కున్యాడు. దిగతానే మొదలుపెట్టినాడు.

"బ్యాటరీ పొయ్యింది మేస్త్రీ. చార్జింగు పండుకునేటప్పుడు చూస్తే ఒక లెక్క, లేచి చూస్తే ఇంకో లెక్క. తిప్పింది లేదు, కదిలిచ్చింది లేదు, ఊరికే దిగిపోతాంది. ఎంత మనసుపడి కొన్యా! నువ్వు చూసి చెప్పు, ఎవరికో ఒకరికి ఇచ్చేస్తా."

మేస్త్రీ టీ తాగినాడు. గ్లాసు పక్కన పెట్టి, మిషను తగిలిచ్చి చూడమని ఓబులేసుకు చెప్పినాడు. బ్యాటరీ లోపలున్న గదులన్నీ, అదే సెల్లులు, ఒక్క తీరుగా ఉండాయి. ఒక్కటి గూడా చెడలేదు.

"మంచి ఆరోగ్యం రెడ్డీ. కొత్తదానికి పెద్దగా తీసిపోదు."

"మరి దిగేదేందీ?"

"కూర్చో."

బండికి తాళం ఏసి, అందరం బెంచీ మీద కూర్చున్యాం. కొంచేపటికి నాగిరెడ్డికి కుదురు లేకపాయ. జేబులోంచి ఫోను తీసి చూసుకున్యాడు. బండిలో టక్‌మనింది. అడుగున యాడనో ఒక ఫ్యాను సన్నగా తిరిగి, తిరిగి, ఆగిపోయింది. ఇంకాసేపుండి మళ్లీ ఫోను తీసినాడు. మళ్లీ టక్. మేస్త్రీ ఓబులేసు మోకాలు మీద చెయ్యేసినాడు.

"ఇప్పుడేం చేసినావు రెడ్డీ?"

"నేనేం చేసినా? చార్జింగు ఎంతుండాదో ఫోన్‌లో యాప్ తెరిచి చూసినా."

"రోజుకెన్ని తూర్లు?"

"యాడ గుర్తు? దిగతాందని దిగులు గదా. దిగులు పుట్టినప్పుడల్లా చూస్తా. రాత్రి మెలకువొచ్చినా చూస్తా."

"నువ్వు నొక్కినప్పుడల్లా పండుకున్న బండి లేస్తాది. ఒళ్లంతా తడుముకోని, ఇంతుండాను సామీ అని నీకు చెప్పి, మళ్లీ పండుకుంటాది. కండ్లు మూస్తానే నువ్వు మళ్లీ తడతావు. ఆ లేసేదానికి సత్తువ యాడనుంచి తేవాలది?"

నాగిరెడ్డి బండిని చూసినాడు, ఫోను చూసినాడు. "చూడకపోతే ఎట్టుండేది మేస్త్రీ?" అన్యాడు, చిన్న పిల్లోని మాదిరి.

"ఫోన్‌లోంచి ఆ యాప్ తీసెయ్. బండి ఈడుండనీ. ఎల్లుండి పొద్దున్నే రా."

ఇడిసిపెట్టి పోయేదానికి ఆయనకు కాళ్లాడలా. మర్నాడు సందకాడ ఏ పనీ లేకుండానే షెడ్డు ముందర బైకు మీద పోయినాడు. ఆగలేదు. రేకుల కింద బండి కనపడతాదేమోనని మెడ సాచి చూసుకుంటా పోయినాడు. మస్తానయ్య ఏదో అనబోతే మేస్త్రీ వొద్దని కంటితోనే చెప్పినాడు. ఓబులేసు మాత్రం ఆ బైకు మలుపు తిరిగిందాకా చూస్తానే ఉన్యాడు.

అనుకున్న రోజు మేము షట్టరు లేపేతలికే నాగిరెడ్డి వచ్చి నిలబడుండాడు. ఇంకా సరిగ్గా తెల్లారలా. బండి తలుపు తీసి లోపల కూర్చున్యాడు. స్టీరింగు ముందర స్క్రీను ఎలిగింది. ఇడిసిపెట్టి పోయినప్పుడు చార్జింగు ఎంతుండెనో అంతే ఉండాది. ఆయన స్టీరింగును అరచేత్తో ఒకసారి తుడిచినాడు.

"దీన్నా నేను ఇచ్చేద్దామనుకునింది" అన్యాడు. మాతో కాదు.

బండి చప్పుడు లేకుండా రోడ్డెక్కి పోయింది. ఓబులేసు బండి పోయిన దోవనే చూస్తా నిలబడుండాడు. చెయ్యి దానంతటదే జేబులోకి పోయి ఫోను తీసింది. ఏలు ఆ గ్రీజు మరక మీదికి పోయింది.

"ఆ పొద్దు మిషను గురించి నేనడిగినదానికి నువ్వేం చెప్పలేదే మేస్త్రీ" అన్యాడు.

మేస్త్రీ ఫ్లాస్కులోంచి టీ వొంచుకుంటాండాడు. తల తిప్పలేదు.

"కువైట్‌లో ఇంకా తెల్లారలేదు గదరా ఓబులేసూ. ఆ పిల్లను పండుకోనీ" అన్యాడు.