గేదె పేరు తెలిసిన గొంతు

చింతాడవలసలో రేడియోలు బాగుచేసే అప్పలాచారి, పొరుగువాళ్ళకి తన ఇంట్లో కూరేమిటో కూడా చెప్పేవాడు కాదు గానీ, మొహం తెలియని గొంతు అడిగితే మాత్రం కడుపులో ఉన్నదంతా చెప్పేసేవాడు.

ఇది ఆయనకి పోస్టుకార్డుల రోజుల్లో పట్టుకున్న జబ్బు. అప్పట్లో పంచాయతీ ఆఫీసు గోడకి లౌడుస్పీకరు ఉండేది. సాయంత్రం కోరిన పాటలు వచ్చే వేళకి ఊరంతా దాని కింద చేరేది. పాటకి ముందు, ఆ పాట కావాలని కార్డు రాసినవాళ్ళ పేర్లు చదివేవారు. పాట కోసం వెళుతున్నామని అందరం చెప్పుకునేవాళ్ళం. వెళ్ళేది పేర్ల కోసమే. మా కరణంగారు ఏడేళ్ళు కార్డులు రాశారు, ఒక్కసారీ ఆయన పేరు రాలేదు. చేతిరాత అలాంటిది. పోయేదాకా ఆయన మాత్రం రేడియోవాళ్ళకి చదువు రాదనే చెప్పేవారు.

అప్పలాచారి కార్డులో చీమ దూరే చోటు కూడా వదిలేవాడు కాదు. తన పేరు, భార్య మాణిక్యం పేరు, అత్తగారి పేరు, ఆఖరికి గేదె గౌరి పేరు కూడా రాశాడు. ఒకనాడు స్పీకరులోంచి తేనెలాంటి గొంతు, "చింతాడవలస నుంచి అప్పలాచారి, మాణిక్యం, సింహాచలమ్మ, గౌరి" అని చదివింది. గౌరి ఎవరో మాకు తెలుసు, ఆ గొంతుకి తెలియదు. ఆ తరవాత వారం రోజులు తల దించకుండా తిరిగారు. గౌరి కాదు, ఆయనే.

లౌడుస్పీకరు తుప్పు పట్టింది. గౌరి పోయింది. రేడియో పట్టుకొచ్చేవాళ్ళు తగ్గిపోయారు. నా పిండిమరకి ఎదురుగా ఆయన కొట్టు మాత్రం అలాగే ఉండేది. పాత రేడియోల్లోని గాజు వాల్వులు సరదాకి కొనేవాళ్ళు ఏవో దేశాల్లో ఉన్నారట. వాళ్ళు ఆయనకి క్రిప్టో నాణేలు పంపేవారు. అవి చేత్తో పట్టుకునే నాణేలు కావు, ఫోనులో ఉండే డబ్బు. వాటికి బ్యాంకు లేదు, మేనేజరు లేడు. వరసగా పన్నెండు ఇంగ్లీషు మాటలు ఎవరికి తెలిస్తే నాణేలు వాళ్ళవి. ఆ మాటల్ని ఆయన కాగితం మీద రాసి, పాడైపోయిన రేడియో పొట్టలో దాచాడు. మాణిక్యానికి కూడా చెప్పలేదు. నాకూ తరవాతే తెలిసింది. ముందే తెలిసుంటే ఊరికి ముందే తెలిసేది.

కొట్టు గది అద్దెది. ఒకరోజు యజమాని వచ్చి, "ఆచారీ, గది అమ్మేస్తున్నాను. ఉగాదిలోపు నువ్వు కొనుక్కుంటే సరే. లేకపోతే కోళ్ళ దుకాణంవాడు కాచుకుని ఉన్నాడు" అన్నాడు. నలభై ఏళ్ళ కొట్టు అది. నాణేలన్నీ అమ్మితే గది తనదవుతుంది.

"ఏటి మరిదీ, గది కొంటున్నావట?" అని అడిగాను.

"నా దగ్గరేముంది వదినా, వైరు ముక్కలు తప్ప" అన్నాడు.

అన్నాడే గానీ, నేను అడిగానని ఆయనకి బెంగ పట్టుకుంది. తన నాణేలు ఎవరికైనా కనబడుతున్నాయేమోనని ఫోనులో వెతికాడు. ఒక వెబ్‌సైటు దొరికింది. "మీ నాణేల సంగతి ఎవరికి తెలిసిపోతోందో ఉచితంగా చూసి చెబుతాం. మీ రహస్యం మా బాధ్యత" అని రాసి ఉంది. దాని కింద గడులున్నాయి. పేరు, ఊరు, ఫోను నంబరు, నాణేలెన్ని, ఇంట్లోవాళ్ళ పేర్లు, పెంచిన జంతువు పేరు.

ఖాళీ గడి కనిపిస్తే ఆయన చెయ్యి ఊరుకుంటుందా? పోస్టుకార్డు నింపినట్టు అన్నీ నింపేశాడు. "మీ రహస్యం భద్రం" అని పచ్చటి అక్షరాలు వచ్చాయి. ఆ రోజు నా మర వైపు చూసి మీసం దువ్వుకున్నాడు.

మూడోనాడు మధ్యాహ్నం ఫోను మోగింది.

"చింతాడవలస అప్పలాచారిగారేనా అండీ? మాణిక్యంగారు కులాసానా? సింహాచలమ్మగారు ఎలా ఉన్నారు? గౌరి అని ఎంత చక్కటి పేరు పెట్టారండీ!"

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అన్నం క్యారేజీ తెచ్చిన మాణిక్యం, "ఎవరండీ ఆవిడ? ముందు ఫోను పెట్టేయండి" అంది.

"నువ్వుండవే! మన గౌరి పేరు కూడా తెలుసు" అన్నాడు.

"మీ నాణేల మీద ఎవరో కన్నేశారండీ. మీ ఎదుటివాళ్ళే కావచ్చు" అంది గొంతు. "వాటిని గట్టి పెట్టెలోకి మారుస్తాం. ఆ పన్నెండు మాటలూ చెప్పండి."

ఎదుటివాళ్ళంటే నేనే. ఆవిడ అలా అన్నందుకు నాకు కోపం లేదు. ఆయన నమ్మినందుకే ఉంది.

రేడియో పొట్టలోంచి కాగితం తీసి, అక్షరం అక్షరం కూడబలుక్కుని పన్నెండు మాటలూ చదివాడు. కాగితం మళ్ళీ లోపల పెట్టి ఫోనులో చూసేసరికి ఒక్క నాణెమూ లేదు.

మర దగ్గరికి వచ్చి బస్తా మీద కూలబడ్డాడు. "గేదె పేరు కూడా తెలిసిన మనిషి పరాయిదెలా అవుతుంది వదినా?"

"ఆ పేరు ఆవిడకి చెప్పిందెవరు మరిదీ?"

"నేనే" అన్నాడు.

పోలీసులకి చెప్పాం. వాళ్ళూ ఒక కాగితం ఇచ్చి గడులు నింపమన్నారు. ఆయన ఆ కాగితాన్ని నా వైపు జరిపాడు. నాణేలు ఇంతవరకూ రాలేదు. ఉగాదికి కోళ్ళు వచ్చాయి.

ఇప్పుడు ఆయన బల్ల నా మరలో ఒక మూల ఉంది. మర ఆగినప్పుడు ఏదో పాత రేడియో గురగురమని, ఒక పాట పట్టుకుంటుంది. ఇద్దరం పని ఆపి వింటాం. పాటకి ముందు పేర్లు చదువుతారేమోనని ఆయన ఇంకా తల పైకెత్తుతాడు. ఫోను మోగి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మాత్రం, "ఆ పేరు మీకెవరు చెప్పారు?" అని అడిగి పెట్టేస్తాడు.

మొన్న అలవాటుగా అడిగాను. "ఏటి మరిదీ, ఇవాళ కూర?"

"వంకాయ" అన్నాడు.

నలభై ఏళ్ళలో మొదటిసారి. మాణిక్యాన్ని అడిగి చూశాను, నిజమే.

నీతి: మనం చెప్పిన సంగతులే మనకి తిరిగి వినిపించినవాడు మనవాడు కాడు, రహస్యం కాపాడతానంటూ రహస్యం అడిగేవాడికి ఒక్క గడి కూడా నింపకూడదు.